√(7+4√3) లాంటివి పిల్లలకి ఎలా నేర్పాలి?

"మా అబ్బాయి తొమ్మిదో తరగతి, √(7+4√3) లాంటివి రాగానే ఆగిపోతున్నాడు, ఏ ఫార్ములా బట్టీ పట్టించాలి" అని అడిగారు. ఏదీ వద్దండి. రూట్ లోపల రూట్ ఉన్నదాన్ని రెండు విడి పదాల కూడికగానో తీసివేతగానో రాయడమే కదా అడిగేది. (ఎ+బి)² వాడికి ఎప్పుడో వచ్చు. రానిదల్లా దాన్ని వెనక నుంచి చదవడం. స్కూళ్లలో బ్రాకెట్లు విప్పమని ఏళ్ల తరబడి విప్పిస్తూనే ఉంటారు, విప్పేసింది చూపించి ఇది ఏ బ్రాకెట్లోంచి వచ్చిందో చెప్పమని అడిగే మాస్టారు మాత్రం నాకింతవరకు తగల్లేదు.

మేం ఉండేది చెన్నై వేలచ్చేరిలో. ఎదురింటి నెల్లూరు వాళ్లమ్మాయి పదో తరగతి, వాళ్లింట్లో టీవీ గోల భరించలేక సాయంత్రాలు మా డైనింగ్ టేబుల్ దగ్గరే చదువుకుంటుంది. ఒకరోజు √(8−2√15) దగ్గర పెన్ను కొరుక్కుంటూ కూర్చుంది. నోట్సులో √8 − √(2√15) అని రాసి కొట్టేసి ఉంది. గుణకారానికైతే రూట్ విడిపోతుందనీ, కూడికకీ తీసివేతకీ విడిపోదనీ తెలుసు, అయినా చెయ్యి అటే పోతుంది. "8ని కాసేపు వదిలెయ్యమ్మా, ఆ 2√15లో 2 ఎక్కడిదో చెప్పు" అన్నాను. కాసేపు చూసి "2ఎబి లో 2నా అంకుల్?" అంది. మరి ఇంకేంటి! అలాగైతే ఎబి అంటే √15. ఎ², బి² గుణిస్తే 15, కలిపితే ఆ 8 రావాలి, అలాంటి సంఖ్యలేవి అంటే 5, 3 అని టక్కున చెప్పేసింది, మధ్యపదం విడగొట్టే లెక్కల్లో రోజూ చేసే పనే కదా.

రాసిందేమో √3−√5. వర్గం చేసి చూసుకుంది, సరిపోయింది కూడా. నేనేం మాట్లాడకుండా ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసిచ్చాను. ఇచ్చిన లెక్కకి దాదాపు 0.504 వచ్చింది, తను రాసిందానికి −0.504. "అయ్యో, రూట్ మైనస్ ఎలా అవుతుంది" అని తనే తిప్పి √5−√3 రాసుకుంది. బోర్డు మీద √ఎక్స్² = ఎక్స్ అని రాసేసి పోయేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎక్స్ విలువ −3 అయితే ఏం చేస్తారు సార్? √(ఎక్స్²−6ఎక్స్+9) అంటే |ఎక్స్−3|, ఆ రెండు నిలువు గీతలు లేకపోతే జవాబు సగమే.

మీ లెక్కకి వస్తే, 4√3లో సగం 2√3, అంటే 2, √3. వాటి వర్గాలు 4, 3, కలిపితే 7. జవాబు 2+√3, అయిపోయింది. రూట్ బయట 2 కనిపించకపోతే లోపల్నుంచి లాగాలి, √(8+√60)లో √60 అంటే 2√15 లాగ. పేపర్ సెట్ చేసేవాళ్లకి దీన్ని దాచిపెట్టడం అంటే మహా సరదా.

లెక్కల రామానుజన్ పుట్టినరోజు డిసెంబర్ 22 వస్తే మా అపార్ట్‌మెంట్ గ్రూపంతా ఆయన ఫొటోలే, ఆయన గుమస్తాగా చేసిన పోర్ట్ ట్రస్ట్ మన ఊళ్లోదేనని గర్వం ఒకటి. ఆయన 1911లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో √(1+2√(1+3√(1+4√(1+…)))) విలువ ఎంత అని అడిగాడు. జవాబు 3. అందులో ఉన్నదీ ఇదే కిటుకు: 9 అంటే 1+2×4, ఆ 4 అంటే √16, 16 అంటే 1+3×5, ఆ 5 అంటే √25, 25 అంటే 1+4×6. (ఎన్+1)² = 1+ఎన్(ఎన్+2), ఎనిమిదో తరగతి సూత్రం. అనంతంగా పోయినా అది 3 దగ్గరే నిలుస్తుందని నిరూపించడం వేరే పని, ఒప్పుకుంటాను, కానీ ఫొటో ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఒక్కరైనా ఈ రెండు లైన్లు పిల్లలకి రాసి చూపిస్తే నా పేరు మార్చుకుంటా.

ఇంకోటి, మీవాడికి కుదరనివి కూడా కలిపి ఇవ్వండి. √(5+2√3) ఇవ్వండి. 5 వర్గంలోంచి 2√3 వర్గం తీసెయ్యమనండి, 25−12, 13 వస్తుంది. 13 పరిపూర్ణ వర్గం కాదు కాబట్టి ఇది విడిపోదు, అలాగే వదిలెయ్యాలి. మీ లెక్కలో 49−48, అంటే 1, అందుకే కుదిరింది. నేను చూసిన గైడ్లలో ఇలాంటి కుదరని లెక్క ఒక్కటీ లేదు, వదిలేసినందుకు మార్కులెవరిస్తారు మరి.