జర్మనీలో చిన్న ఊరి కాపురం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మావారికి జర్మనీలో వాల్‌డోర్ఫ్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో ప్రయాణం. అప్పటికి మా బాబుకి నాలుగున్నరేళ్లు నిండుతాయి. ఇక్కడ తెలుగు, ఇంగ్లిష్ అక్షరాలన్నీ రాస్తున్నాడు. అక్కడ ఆరేళ్ల దాకా అక్షరాలు నేర్పరని విన్నప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. ఇంగ్లిష్ మీడియంలో వెయ్యమంటారా? నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. ఆయన ఆఫీసుకి వెళ్లాక రోజంతా ఎలా గడుస్తుందో అని దిగులుగా ఉంది.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: చెల్లీ, మీరు వస్తున్నది మేముండే ఊరికే. జనాభా పదిహేను వేల పైచిలుకు. ఎస్‌ఏపీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే కాబట్టి పగటిపూట అన్ని దేశాల వాళ్లూ కనిపిస్తారు. సాయంత్రం ఆరు దాటితే వీధులు ఖాళీ. ఆ నిశ్శబ్దం మొదట్లో గుండె మీద బరువులా ఉంటుంది. అది మనుషులు లేకపోవడం వల్ల కాదు, తలుపులు వేసుకుని ఉండటం వల్ల.

ముందు బాబు సంగతి. ఇంగ్లిష్ మీడియం కోసం రోజూ కారులో ఇంకో ఊరికి తిప్పకండి. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మామూలు కిండర్‌గార్టెన్‌లో చేర్చండి. ఈ మాట బాబు కోసం ఎంత చెప్తున్నానో మీ కోసమూ అంతే చెప్తున్నాను. ఇక్కడ కొత్తవాళ్ల ఇంటి తలుపు తట్టి పలకరించే అలవాటు తక్కువ. పరిచయాలన్నీ పిల్లల్ని దింపేటప్పుడు, తెచ్చుకునేటప్పుడు మొదలవుతాయి. ఈ ఊళ్లో నాకున్న స్నేహితురాళ్లలో చాలామంది మా అమ్మాయి కిండర్‌గార్టెన్ గేటు దగ్గర పరిచయమైనవాళ్లే. సీటు కోసం వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ సీటు హక్కుగా ఇవ్వాలని 2013 నుంచి చట్టం ఉంది, అయినా వెయిటింగ్ తప్పడం లేదు. ఇంటి అడ్రసు ఖాయం కాగానే మున్సిపాలిటీకి మెయిల్ పెట్టమని మీవారికి చెప్పండి.

మొదటి కొన్ని వారాలు మీరూ లోపల కూర్చోవాలి. పిల్లవాడు టీచరుకి మాలిమి అయ్యేదాకా తల్లో తండ్రో దగ్గరుండటం ఇక్కడి పద్ధతి. మొదట గంటసేపు, తర్వాత మిమ్మల్ని కాసేపు బయటికి పంపి చూడటం, అలా మెల్లమెల్లగా పెంచుతారు. ఆ రోజుల్లో ఫోన్ బ్యాగులో పడేసి చుట్టూ చూడండి. మీ జర్మన్ చదువు అక్కడే మొదలవుతుంది. చిన్నపిల్లలతో టీచర్లు పొట్టి వాక్యాలే మాట్లాడతారు, చెప్పిందే పదిసార్లు చెప్తారు. అంతకన్నా మంచి క్లాసు మనకి దొరకదు.

మా అమ్మాయి చేరిన చోట తలుపు పక్కన వరసగా కొక్కేలు ఉండేవి. పిల్లలకి చదవడం రాదు కదా, పేర్లకి బదులు ఒక్కో కొక్కేనికి ఒక్కో బొమ్మ. కప్ప, గొడుగు, పుట్టగొడుగు. మా దానికి ముళ్లపంది వచ్చింది. దాని కొక్కేనికి వానకోటు, కింద రబ్బరు బూట్లు, పక్కన లోపల తొడుక్కునే చెప్పులు. బయటి చెప్పులతో లోపలికి రానివ్వరు, ఆ విషయంలో మన ఇల్లే. వాన పడుతున్నా తోటలోకి తీసుకెళ్తారు. బురదలో ఆడటానికని రబ్బరు పూత ప్యాంట్లు అమ్ముతారు, రెండు కొనండి. ఒకటి ఆరేలోగా రెండోది కావాల్సి వస్తుంది.

ఇక అక్షరాలు. మీరు విన్నది నిజమే. కత్తెర పట్టడం, కాగితం మడవడం, చిన్న సుత్తితో మేకు కొట్టడం, చెట్టెక్కడం, వంతు కోసం ఆగడం, ఇవే ఇక్కడి చదువు. నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండక్కి పిల్లలు తమ చేత్తో కాగితం లాంతర్లు చేసుకుని, చీకటి పడ్డాక వీధుల్లో పాడుకుంటూ ఊరేగుతారు. ఆ లాంతరు చేసిన వేళ్లకి పెన్సిల్ పట్టుకోవడం తేలికవుతుందని మా అమ్మాయి విషయంలో కళ్లారా చూశాను. ఈ ఊరున్న రాష్ట్రం బాడెన్-వుర్టెంబర్గ్‌లో జూన్ 30 లోపు ఆరేళ్లు నిండిన పిల్లల్ని ఆ సెప్టెంబరులో ఒకటో తరగతిలో చేర్చుకుంటారు. అంటే మీవాడికి రెండేళ్లు పూర్తిగా ఆటలే. ఒకటో తరగతిలో అందరికీ మొదటి అక్షరం నుంచే మొదలుపెడతారు కాబట్టి వెనకబడతాడన్న భయం అక్కర్లేదు.

నా మాట విని ఆ రెండేళ్లూ తెలుగుకి ఇచ్చేయండి. బడి నుంచి హోంవర్కు లేని కాలం మళ్లీ రాదు. వాడికి వచ్చిన అక్షరాలు మరిచిపోకుండా రోజూ రాత్రి ఒక తెలుగు కథ చదివించండి, ఆదివారాలు తాతకీ నాయనమ్మకీ వీడియో కాల్లో చదివి వినిపించమనండి. జర్మన్ సంగతి వాడే చూసుకుంటాడు. మొదట నెలల తరబడి అక్కడ నోరు విప్పకపోవచ్చు, కంగారు పడకండి. ఒక రోజు మొదలుపెట్టాడంటే ఇక ఆపలేరు. అప్పుడు ఇంట్లో కూడా జర్మనే మాట్లాడతానంటాడు. మీరు మాత్రం తెలుగులోనే జవాబివ్వండి. ఇంగ్లిష్ కూడా ఇంట్లో మొదలుపెడితే మూడింటి మధ్య తెలుగే ముందు జారిపోతుంది. మా చుట్టుపక్కల ఇళ్లలో అది జరగడం చూస్తూ బాధపడుతున్నాను.

మీ సంగతి. మీవారిది బ్లూ కార్డు (పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే అనుమతి) అయితే మీ వీసాకి జర్మన్ పరీక్ష అడగరు. అడగలేదు కదా అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. మీరు వదలొద్దు. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె సెంట్రమ్ ఉంది, లేదంటే ఆన్‌లైన్‌లోనైనా ఏ1, అంటే మొదటి మెట్టు, ఇప్పుడే మొదలుపెట్టండి. వచ్చాక ఫోక్స్‌హోఖ్‌షూలె అని పెద్దవాళ్లు చదువుకునే కేంద్రాలుంటాయి, ఫీజు అందుబాటులోనే ఉంటుంది. మీకు ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు కూడా వీసాతోనే వస్తుంది. అయితే చిన్న ఊళ్లో అది అక్కరకి రావాలంటే భాష కావాలి. డాక్టరు అపాయింట్‌మెంటుకి ఫోన్ చేయడం మొదటి రోజు నుంచి మీరే చేయండి, తప్పుల జర్మన్‌తోనైనా సరే. ప్రతిదానికీ ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి పెట్టే ఇంట్లో భార్యకి ఈ ఊరు ఎప్పటికీ పరాయి ఊరుగానే ఉంటుంది. మన డ్రైవింగ్ లైసెన్సుతో ఇక్కడ ఆరు నెలలే కారు నడపనిస్తారు. ఆ తర్వాత మళ్లీ పరీక్షలు రాయాలి. సైకిల్ వచ్చినా చాలు, ఊరంతా చుట్టేయొచ్చు.

ప్రశ్న: రాత్రిపూట మిక్సీ వేస్తే పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారట, నిజమా?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం గోడకి డ్రిల్లు వేసినా, గడ్డి కోసే మిషన్ తిప్పినా నేరుగా వచ్చి అడుగుతారు. చట్నీకి మిక్సీ ఒక నిమిషం తిప్పితే ఎవరూ ఏమీ అనరు. గారెల పప్పు మాత్రం సాయంత్రమే రుబ్బి పెట్టుకోండి. ఆదివారం షాపులు కూడా మూసేస్తారు కాబట్టి పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి. చప్పుడు కన్నా తేమ పెద్ద గొడవ. అన్నం, పప్పు ఉడికే ఆవిరికి చలికాలంలో గోడలు బూజు పడతాయి. వంటయ్యాక కిటికీలు బార్లా తీసి ఐదు పది నిమిషాలు ఉంచండి. తిరగమోత వాసన కూడా కోట్లకి పట్టదు.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని. నేనూ మా ఆవిడా హైడెల్‌బర్గ్ పక్కన చిన్న ఊళ్లో ఉంటున్న అబ్బాయి దగ్గరికి ఏప్రిల్‌లో వెళ్లి మూడు నెలలు ఉందామనుకుంటున్నాం. మందులు, తిండి సంగతి చెప్పండి. ఇక్కడి నుంచి నెయ్యి, కోవా తీసుకెళ్లొచ్చా? పుల్లకూర లేకపోతే మా ఆవిడకి ముద్ద దిగదు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, నెయ్యి, కోవా రెండూ వద్దు. బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవేవీ ప్రయాణికులు తేకూడదని యూరప్ నిబంధన. విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకూ తేవద్దు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కంది పొడి నిక్షేపంగా తెచ్చుకోండి. నెయ్యికి లోటు లేదు. ఇక్కడ ఉప్పు లేని వెన్న పావుకిలో కట్టలుగా దొరుకుతుంది. సన్నని సెగ మీద కాచి, చివర నాలుగు మెంతులు వేస్తే ఇల్లంతా మన వాసనే.

మందులు అన్ని రోజులకీ సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి. వీసాకి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ కావాలి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి చాలా పాలసీలు వర్తించవు, చదివి తీసుకోండి. వీసా 90 రోజులకి మించదు కాబట్టి మూడు నెలలని ఉరామరిగా లెక్కేయకుండా రోజులు లెక్కపెట్టి టికెట్ కొనండి.

జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు ఉంటుంది. పొద్దున మీరు బ్రెడ్డు కోసం బేకరీకి, సాయంత్రం మనవల కోసం బడికి నడిచి వెళ్లే పని పెట్టుకోండి. పొద్దున ఎదురైనవాళ్లకి "మోర్గెన్" (శుభోదయం) అనండి చాలు, వారంలో అందరూ మిమ్మల్ని గుర్తుపడతారు.

పుల్లకూరకి అమ్మగారికి ఒక మాట. వసంతంలో ఇక్కడ రబార్బర్ అని ఎర్రటి కాడలు వస్తాయి. ఇక్కడివాళ్లు చక్కెర వేసి కేకుల్లో వాడతారు. పైపొర నారలాగా ఒలిచి, ముక్కలు కోసి, పచ్చిమిర్చితో మగ్గించి ఉడికిన కందిపప్పులో కలపండి. చింతపండు అక్కర్లేదు. వెల్లుల్లి, ఎండుమిర్చి తిరగమోత బాగా పెట్టాలి. ఆకులు మాత్రం ఎంత లేతగా కనిపించినా వండొద్దు, అవి విషం. కాడలే తినాలి. జూన్ 24 దాటాక కాడలు కోయడం మానేస్తారు, మీరు ఏప్రిల్‌లోనే వస్తున్నారు కాబట్టి కావలసినంత దొరుకుతుంది.