ఫ్రెంచి ఫ్యాషన్ బొమ్మల్లో ఒకామె ఎప్పుడూ వెనక్కి తిరిగే ఎందుకుంటుంది?

1870ల నాటి ఫ్రెంచి మహిళా పత్రికల రంగుల బొమ్మల్లో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఒకామె మనకి వీపే చూపిస్తుంది, ఎందుకని అడిగారు. కుట్టేవాళ్ళ కోసమండీ. అప్పట్లో మంచి గౌను కావాలంటే బొమ్మ చూపించి కుట్టించుకోవాలి, లేదా ఇంట్లోనే కుట్టుకోవాలి. ఆ రోజుల్లో గౌను పనితనమంతా వెనకే ఉండేది: నడుము కింద గౌనుని ఎత్తుగా నిలిపే బసిల్ అనే చట్రం, దానిమీద మడతలు, రిబ్బన్లు, నేలమీద జీరాడే అంచు. ముందువైపు ఒక్కటే గీస్తే దర్జీకి సగం పని తెలియదు.

నేను ఫ్యాషన్ డ్రాయింగ్ నేర్పుతాను. పారిస్‌లో సెన్ నది ఒడ్డున పాత పుస్తకాల పెట్టెల్లో ‘లా మోద్ ఇలుస్ట్రే’ పేజీ ఒకటి దొరికింది. 1860లో మొదలైన ఈ వారపత్రిక బొమ్మలతోపాటు కటింగ్ పాటర్న్‌లు కూడా ఇచ్చేది. నా పేజీని భూతద్దంతో చూస్తే పట్టు మెరిసేచోట గీతలు దూరదూరంగా, మడత లోపల దగ్గరదగ్గరగా ఉంటాయి. ముందు నల్లటి గీతలు అచ్చువేసి, తర్వాత ఒక్కో కాపీకీ చేత్తో నీటిరంగు పూసేవాళ్ళు. నా పేజీలో చేతి తొడుగు పక్కన గులాబీ రంగు గీత దాటి కాస్త బయటికి పాకింది. రంగులద్దే ఎవరో పనమ్మాయి కుంచె జాడ అది. నాకు ఆ పేజీలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

గీసినవాళ్ళ పేర్లూ తెలుసుకోండి. అనాయిస్ తూదూజ్, ఎలోయిస్ లెలువార్, లోర్ నోయెల్ ముగ్గురూ అక్కచెల్లెళ్ళు, చిత్రకారుడు అలెగ్జాండర్ కొలాఁ కూతుళ్ళు. ‘లె మోనితర్ ద లా మోద్’ పత్రికకి ఏళ్ళ తరబడి గీసిన జూల్ డేవిడ్ బొమ్మల్లో ముఖాలు ముద్దుగా ఉంటాయి. కానీ గుడ్డ బరువు, అది జారే తీరు తూదూజ్‌కే బాగా తెలుసని నా అభిప్రాయం. వీటిని చిన్నచూపు చూసేవాళ్ళకి నేను పేరున్న ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ పేరు చెప్తాను. 1870ల మొదట్లో ఆయన ‘లా మోద్ ఇలుస్ట్రే’ బొమ్మల్ని చూసే ‘ప్రొమెనాడ్’ లాంటి పెయింటింగులు వేశాడు.

మీరు గీసి నేర్చుకోవాలనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఇలాంటివి బోలెడు ఉచితంగా ఉన్నాయి. జూమ్ చేసి, మొదట వెనక్కి తిరిగినామెనే గీయండి. ముఖం గొడవ ఉండదు, దృష్టంతా కుట్టుమీదే నిలుస్తుంది.