ఇంటి వైద్యం గురించి అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇంట్లో పసిబిడ్డ, చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకుంటున్న మీ మామగారు ఉండగా, ఫోనులో రోజుకొక కషాయం గురించి చూస్తూ ఏది చేయాలో, ఏది మానాలో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉద్యోగం చేసిన కాలమంతా నేను ఇంటి వైద్యాన్ని, ఆసుపత్రి వైద్యాన్ని పక్కపక్కనే చూశాను. మన పెద్దవాళ్ళ ఆరోగ్యాన్ని కాపాడింది కషాయాలకన్నా ఎక్కువగా వాళ్ళ రోజువారీ కంచమే. అందుకని ముందు వంటింటి గురించే రాస్తున్నాను.

ఉదయం పూట వారానికి మూడు నాలుగు రోజులైనా రాగి అంబలి అలవాటు చేయి. మనం రాగులంటాం, శ్రీకాకుళం వైపు చోళ్ళంటారు, తెలంగాణలో తైదలంటారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. ఇద్దరికి నాలుగు పెద్ద చెంచాల పిండిని గ్లాసుడు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచు. తెల్లవారేసరికి పైన సన్నని బుడగలు లేచి కాస్త పుల్లని వాసన వస్తుంది. మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఆ పిండిని సన్నగా పోస్తూ, గరిటె ఆపకుండా తిప్పు. పచ్చివాసన పోయి, రంగు ముదిరి, తడి వేలితో తాకితే అంటుకోకుండా ఉంటే ఉడికినట్టు లెక్క. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగండి. రాత్రి పులియబెట్టే పనిని మాత్రం బద్ధకించి మానకు. గింజలోని ఇనుము, కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు ఆ పులుపుతోనే తగ్గుతాయి. గింజలను మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించినా అదే మేలు జరుగుతుంది.

మీ మామగారికి మాత్రం పలుచని జావ పెట్టవద్దు. రాగులైతే చాలు చక్కెర పెరగదని చాలామంది నమ్ముతారు కానీ, మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి చక్కెరను పెంచుతుంది. ఆయనకు జొన్నరొట్టె గానీ, కొద్దిగా సంగటి గానీ పెట్టి, పక్కన పప్పు, కూర ఎక్కువగా వడ్డించు. నానబెట్టిన మెంతులు చక్కెరను కొంత తగ్గిస్తాయి. మాత్రలు కూడా వేసుకుంటున్నారు కాబట్టి రెండూ కలిసి చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరుగారికి చెప్పాకే మొదలుపెట్టండి.

ఆకుకూరల్లో మునగాకును మరచిపోకు. ఆషాఢంలో ఒక్కసారి తిని ఊరుకోకుండా, పప్పులోనో పొడిగానో వారం వారం వాడు. తోటకూరైనా మునగాకైనా తినే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుములో చాలా భాగం వృథా అవుతుంది కనుక గంటైనా ఆగాలి. బిడ్డకు పాలిస్తున్న నీకు ఈ జాగ్రత్త చాలా అవసరం.

పసుపును కొమ్ములుగా కొని మర పట్టించుకో. మెరుపు కోసం సీసం ఉన్న రంగు పూసే వ్యాపారులు ఉన్నారు. నీళ్ళలో వేయగానే పచ్చగా రంగు దిగిపోయే కొమ్ములను తిరిగి ఇచ్చేయి. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది కనుక ఈ విషయంలో మొహమాటపడకూడదు.

ఇక చిన్న చిన్న నలతల సంగతి. పెద్దవాళ్ళకు పొడిదగ్గు వస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని ఊటను మింగుతూ ఉండడం, గొంతు నొప్పికి ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించడం, రాత్రి మిరియాలపాలు తాగడం, ఇవన్నీ మంచి అలవాట్లే. తిన్నది అరగక పొట్ట ఉబ్బరిస్తే వేడన్నంలో మొదటి ముద్ద శొంఠిపొడి, నెయ్యి కలుపుకుని తినండి. ముక్కు దిబ్బడకు ఆవిరి పెద్దలకు హాయినిస్తుంది గానీ, పిల్లల దగ్గర మరిగే నీళ్ళ గిన్నె పెట్టవద్దు. ఆ గిన్నె ఒలికి ఒళ్ళు కాలిన పిల్లలకు నేను స్వయంగా కట్లు కట్టాను. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లం వాడండి. అది దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి వేసి, కలిపి కొంచెం కొంచెంగా తాగించండి.

వారానికొకసారి నువ్వులనూనె గోరువెచ్చగా చేసి ఒంటికి మర్దన చేసుకుని, సున్నిపిండితో నలుగు పెట్టుకుని స్నానం చేయడం మన ఆచారాల్లో నాకెంతో ఇష్టమైనది. చర్మం పొడిబారదు, కండరాల బిగువు తగ్గుతుంది, ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. బిడ్డకు కూడా మృదువుగా నూనె రాయవచ్చు. అయితే ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమ్ము చేస్తుంది. సాంబ్రాణి పొగ కూడా పసివాళ్ళ ఊపిరికి మంచిది కాదు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప వస, ఆముదం, తేనె, ఏదీ నాలుకకు రాయకూడదు. తేనెనైతే ఏడాది నిండేదాకా పెట్టకూడదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసి పేగుల్లో పెరిగి నరాలను చచ్చుబరుస్తుంది. మీ అత్తగారు ప్రేమతోనే చెబుతారు కాబట్టి, ఆవిడతో వాదనకు దిగకుండా ఈ ఉత్తరం చదివి వినిపించు.

ప్రకృతిలో దొరికింది కదా, హాని చేయదులే అన్న మాటను నమ్మవద్దు. సొరకాయ రసం తాగేవాళ్ళు ముందు ఒక ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే ఆ కాయ విషంతో సమానం. రక్తపు వాంతులై ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు ఉన్నారు. తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను కూడా వైద్యులు నమోదు చేశారు. ఎవరో పొట్లం కట్టి ఇచ్చే, పేరూ వివరాలూ లేని భస్మాలను ఇంట్లోకి రానివ్వకు.

కామెర్లు వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా, పసిబిడ్డ పాలు తాగడం మానేసినా చెట్టుమందుల కోసం తిరగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. అన్నిటికన్నా గట్టిగా చెప్పేది మీ మామగారి గురించి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు గుండెపోటు ఒక్కోసారి కడుపు ఉబ్బరంలా, చెమటలతో, పెద్దగా నొప్పి లేకుండా వస్తుంది. గ్యాస్ అనుకుని వాము నమిలించి పడుకోబెట్టిన ఇళ్ళను నేను చూశాను. తెల్లవారాక తీసుకొచ్చినవాళ్ళలో కొందరిని కాపాడలేకపోయాం. ఆయనకు అలా అనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆయన వేసుకునే మాత్రల పేర్లు, ఇంట్లో తాగే కషాయాల పేర్లు ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు అది తీసుకెళ్ళి చూపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ