నాలుగోసారీ సీఏ ఫైనల్ తప్పాను, ఇక మానేయనా?

మీరు అడిగింది ఇదీ: సీఏ ఫైనల్ మొదటి గ్రూపు అయిపోయింది. రెండో గ్రూపు నాలుగుసార్లు రాశారు, నాలుగుసార్లూ పోయింది. మూడు వారాల కిందట వచ్చిన ఫలితంలో డైరెక్ట్ టాక్స్ 46, ఇన్‌డైరెక్ట్ టాక్స్ 41, అన్ని సబ్జెక్టులూ కలిపి అడిగే పేపరు ఐబీఎస్ 56. మొత్తం 143, కావలసింది 150. ఇంట్లో సంబంధం చూశారు, ఆదివారం పెళ్ళిచూపులు. "నా వల్ల అయ్యే పని కాదేమో, మానేయనా?" అన్నారు.

నేను రెండో గ్రూపు ఆరోసారికి గట్టెక్కినదాన్ని. ఫెయిళ్ళలో మీకన్నా ఒకటి సీనియర్‌ని. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

మాది తెనాలి. నాన్న బట్టల కొట్లో గుమాస్తా, ముప్పై ఏళ్ళుగా చిట్టా, ఆవర్జా రాస్తున్న మనిషి. ఆయన పద్దులు చూస్తూ పెరిగాను కాబట్టి లెక్కలంటే భయం లేదు. సీఏలో ఫైనల్ ముందు మెట్టు ఐపీసీసీ గుంటూరులో చదివి మొదటిసారికే పాసయ్యాను. హైదరాబాద్‌లో ఆడిటర్ దగ్గర మూడేళ్ళ శిక్షణ, ఆర్టికల్‌షిప్, చేశాను. అప్పటిదాకా నా జాతకంలో ఫెయిల్ అన్న మాటే లేదు. మొదటి దెబ్బ అంత గట్టిగా తగలడానికి అదీ ఒక కారణమే.

నేను రాసింది పాత సిలబస్. ఫైనల్‌కి ఎనిమిది పేపర్లు, గ్రూపుకి నాలుగు. పేపరుకి కనీసం 40 రావాలి, గ్రూపు మొత్తంలో సగం, అంటే 400కి 200 రావాలి. ఏదైనా పేపర్లో 60 వస్తే ఆ పేపరు తర్వాతి మూడు అటెంప్ట్‌లు రాయక్కర్లేదు, ఎగ్జెంప్షన్.

మే 2016లో రెండు గ్రూపులూ రాశాను, రెండూ పోయాయి. ఆర్టికల్‌షిప్ పని ఒత్తిడి అని సర్దిచెప్పుకున్నాను. నవంబర్ 2016లో మొదటి గ్రూపు వచ్చేసింది. రెండో గ్రూపు రాలేదు కానీ డైరెక్ట్ టాక్స్‌లో 63 వచ్చి ఎగ్జెంప్షన్ దొరికింది. మిగిలినవి మూడే పేపర్లు. ఒక్క తోపు తోస్తే చాలనుకున్నాను.

మే 2017లో గ్రూపు మొత్తం 207. కానీ ఐస్కాలో 38. పాత సిలబస్ వాళ్ళకి ఐస్కా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కంప్యూటర్ వ్యవస్థల ఆడిట్ మీద ఒక థియరీ పేపరు, కామర్స్ పిల్లల పాలిట శని. ఆ రెండు మార్కులకి గ్రూపంతా పోయింది. ఆ కసితో ఆరు నెలలూ ఐస్కానే రుబ్బాను. నవంబర్ 2017లో ఐస్కా 44 వచ్చింది, కాస్టింగ్ పేపరు ఏఎంఏ 39కి జారింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది. మే 2018లో అన్నీ 40 దాటాయి. మొత్తం 198. దాంతో ఆ 63 ఎగ్జెంప్షన్ గడువు కూడా తీరిపోయింది. మళ్ళీ నాలుగు పేపర్లూ రాయాలి.

ఆ ఫలితం వచ్చిన జూలై సాయంత్రం ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ అన్నం పెట్టింది, నాన్న కొట్టు నుంచి వస్తూ మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. ఫలితం బాగోలేదని తెలిసిన రోజుల్లోనే ఆయన బజ్జీలు తెస్తాడని నాకు అప్పటికి అర్థమైంది. మర్నాడు పెద్దమ్మ ఫోన్ చేసి అమ్మతో అంది: "ఇకనుంచి సంబంధాలవాళ్ళకి సీఏ చదువుతోందని చెప్పకే, బీకాం అని చెప్పు. చదువుతూనే ఉందంటే ఏమనుకుంటారు?" స్పీకర్ ఆన్‌లో ఉందని ఆవిడకి తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. అన్ని ఫెయిళ్ళ తర్వాత నేనేం చేశానో తెలుసా? ప్రతిసారీ కొత్త సార్ పెన్‌డ్రైవ్ క్లాసులు కొన్నాను. ఏఎంఏకే ముగ్గురు సార్ల నోట్సు ఉండేవి మా ఇంట్లో. ఫలితం వచ్చిన వారంలో మొదటి చాప్టర్ నుంచి మళ్ళీ మొదలు. మొదటి నాలుగు చాప్టర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాను, చివరి నాలుగు ఎప్పుడూ పరీక్ష ముందు రోజు రాత్రే. అందరూ "పట్టు వదలకు" అనేవాళ్ళు. నేను పట్టు వదల్లేదు, ఆ పట్టు పట్టడం మాత్రం ప్రతిసారీ ఒకేలా పట్టాను. అదే తప్పుని ఐదుసార్లు చేయడానికి కూడా బోలెడంత ఓపిక కావాలి మరి.

198 వచ్చినప్పుడు రెండు మార్కులు ఎక్కడైనా కలుస్తాయేమోనని వెరిఫికేషన్‌కి పెట్టాలనుకున్నాను. అప్పుడు ఆర్టికల్‌షిప్‌లో నాకు సీనియర్‌గా ఉన్న అక్క ఆపింది. వెరిఫికేషన్‌లో పేపరు మళ్ళీ దిద్దరు, కూడిక సరిగా ఉందా, దిద్దకుండా వదిలేసిన జవాబేమైనా ఉందా అనేదే చూస్తారు. "దాని బదులు నీ జవాబు పత్రం కాపీ తెప్పించుకుని చూసుకో" అంది. పేపరుకి 500 కట్టి ఏఎంఏ, ఐస్కా రెండూ తెప్పించాను. స్కాన్ కాపీలు వచ్చాయి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి ఇంటికి తెచ్చాను గానీ మూడు రోజులు ఆ కవరు తెరవలేదు. ఎందుకో చెప్పలేను. మన మార్కులు చూడటం వేరు, మన రాత చూడటం వేరు.

చివరికి తెరిచింది నాన్న. రాత్రి భోజనాలయ్యాక కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. ఆయనకి ఇంగ్లిష్ పెద్దగా రాదు, ట్రాన్స్‌పోర్టేషన్ ప్రాబ్లం అంటే లారీ బాడుగ అనుకునే మనిషి. ఒకచోట ఆగి, "ఇక్కడ పేజీ అడుగున తర్వాతి పేజీ చూడండి అన్నట్టు బాణం గుర్తు వేశావు, తర్వాతి పేజీలో ఏమీ లేదేమ్మా?" అన్నాడు.

చూశాను. నిజమే. బాణం వేసి, పేజీ తిప్పి, ఖాళీగా వదిలేశాను. టైమ్ అయిపోయి ఉంటుంది. అది 16 మార్కుల ప్రశ్న, నాలుగు లైన్లు రాశాను. వెనక్కి తిప్పితే కారణం దొరికింది: స్టాండర్డ్ కాస్టింగ్ లెక్క ఒకటి మూడు పేజీలు చేసి, కొట్టేసి, మళ్ళీ రెండు పేజీలు చేశాను. నాకు బాగా వచ్చిన లెక్క అది. ముడి విప్పేదాకా వదలకూడదన్న పంతం. దాని మీద గంటకి దగ్గర పోయి ఉంటుంది. పైగా చాలా లెక్కలకి వర్కింగ్ నోట్స్ లేవు, కాలిక్యులేటర్‌లో చేసి అంకె తెచ్చి వేశాను. అంకె తప్పినచోట మధ్యలో ఇవ్వడానికి దిద్దేవాళ్ళకి అక్కడ ఏమీ లేదు.

ఐస్కా పేపరు చదువుతుంటే నాకే సిగ్గేసింది. కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణకి ఉన్న మార్గదర్శకం కోబిట్ 5లో ఐదు సూత్రాలు రాయమంటే మూడు రాసి, మిగతా రెండిటికి బదులు సొంత ఇంగ్లిష్‌లో ఒక పేరా ఉపన్యాసం. ప్రశ్నకి కావలసిన మాట ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ "థియరీకి మార్కులు వేయరు" అని తిట్టుకున్నాను కదా, వేయడానికి అక్కడ ఏముంది?

నాన్న ఇంకేం అనలేదు. "కాగితం డబ్బులు వాళ్ళవేగా, అంత ఖాళీ వదలడం దేనికి" అని లేచి వెళ్ళి పడుకున్నాడు.

ఆ ఆరో అటెంప్ట్‌కి కొత్త క్లాసులు కొనలేదు. ఉన్నవాటిలో ఒక్క సెట్ ఉంచుకుని మిగతా రెండూ ఇచ్చేశాను. లెక్క ఒకటి వేసుకున్నాను: 180 నిమిషాలు, 100 మార్కులు. అంటే 16 మార్కుల ప్రశ్నకి 28 నిమిషాల పైచిలుకు. 28 కాగానే వాక్యం మధ్యలో ఉన్నా పెన్ను ఎత్తేయాలి. మొదటి నెల ఇది చేయడానికి ప్రాణం పోయినంత పనైంది, సగం తేలిన లెక్కని వదిలి వెళ్ళడం నాన్న పెంపకానికే విరుద్ధం. ఆదివారాలు మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా పూర్తి పేపరు రాసేదాన్ని, ఎందుకంటే అసలు పరీక్షా ఆ వేళకే. అన్నం తిన్నాక కళ్ళు మూతలు పడే సమయం అది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివి బ్రహ్మాండంగా వచ్చేసిందనుకునేవాళ్ళకి ఆ సంగతి పరీక్ష హాల్లో తెలుస్తుంది.

ఇంకోటి, అప్పటికే ఉద్యోగంలో ఉన్నాను. నాలుగోసారి పోయాక విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను, 12 వేల జీతం. రోజూ తెనాలి నుంచి రైలు. దుగ్గిరాల దాటితే కృష్ణా కెనాల్ దగ్గర బండి ఆపేస్తారు, ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి నలభై. ఆ లైన్‌లో తిరిగినవాళ్ళకి ఆ విసుగు తెలుసు. నాకు మాత్రం ఐస్కా అక్కడే వచ్చింది. జేబులో పట్టే చీటీల మీద ఒక్కో టాపిక్ పాయింట్లు రాసుకుని, బండి కదిలేదాకా చూడకుండా చెప్పుకోవడం. ఎదురు సీటులో కూరగాయల బుట్టతో కూర్చున్న ఆవిడ ఒకరోజు "ఏ స్తోత్రం అమ్మా అది?" అని అడిగింది.

ఉద్యోగం చదువుకి అడ్డమని చాలామంది అంటారు. నా విషయంలో అదే కాపాడింది. జూలై 1, 2017న జీఎస్టీ వచ్చింది, మే 2018 పరీక్షల నుంచి సిలబస్ మారింది. ఎక్సైజ్, సర్వీస్ టాక్స్ మీద నేను రాసుకున్న నోట్సంతా చిత్తు కాగితం. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నాను. కానీ ఆఫీసులో పొద్దస్తమానం చేసేది అదే పని: 3బీ రిటర్నులు, ఇన్‌పుట్ క్రెడిట్ సరిపోలడం లేదని వ్యాపారుల గొడవ, పాత స్టాకు మీద కట్టిన పన్నుని జీఎస్టీలోకి తెచ్చుకునే ఫారం ట్రాన్-1. పుస్తకంలో సెక్షన్ చదువుతుంటే మా క్లయింట్ సిమెంటు కొట్టాయన మొహం కనిపించేది. నెలకి ఇంత అని చేతికి వస్తుంటే ఇంట్లో నా మాటకీ కాస్త బరువు వచ్చింది. ఖాళీగా కూర్చుని చదివిన అటెంప్ట్‌లలో పరీక్ష కంటే వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళడమే కష్టంగా ఉండేది.

నవంబర్ 2018లో ఏఎంఏ 58, ఐస్కా 50, డైరెక్ట్ టాక్స్ 51, ఇన్‌డైరెక్ట్ టాక్స్ 55. మొత్తం 214. ఫలితం జనవరిలో ఆఫీసులో ఉండగా వచ్చింది. కొట్టుకి ఫోన్ చేసి చెప్తే నాన్న, "200 చాలన్నావుగా, 14 మిగిలాయన్నమాట" అన్నాడు. ఆ రోజు బజ్జీలు తేలేదు, పూతరేకులు తెచ్చాడు.

ఇక మీ సంగతి. మీది కొత్త స్కీము, గ్రూపుకి మూడే పేపర్లు, 2025 నుంచి ఫైనల్ కూడా ఏడాదికి మూడుసార్లు: జనవరి, మే, సెప్టెంబర్. ఇది వరమూ, ఉచ్చూ కూడా. ఫలితం వచ్చాక తర్వాతి పరీక్షకి దాదాపు రెండు నెలలే ఉంటాయి కాబట్టి ఏం తప్పిందో చూసుకోకుండానే మళ్ళీ ఫారం నింపేస్తారు. అవసరమైతే ఒకటి వదిలేయండి, కొంప మునగదు. మీ అంకెల్లో నన్ను భయపెట్టేది 143 కాదు, ఇన్‌డైరెక్ట్ టాక్స్ 41. రెండు మార్కులు తగ్గితే నా 38 కథే మీకూ. టాక్స్ పేపర్లలో 30 మార్కులు ఎంసీక్యూలు, నెగటివ్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీ వదలొద్దు. మిగతా 70లో ఎక్కడ కారుతోందో మీ జవాబు పత్రమే చెప్తుంది. ఐబీఎస్‌కి పుస్తకాలు తీసుకెళ్ళనిస్తారు కదా అని మూట మోసుకెళ్ళి పేజీలు తిప్పుతూ కూర్చునేవాళ్ళుంటారు, మీకు 56 వచ్చిందంటే ఆ జబ్బు మీకు లేనట్టే. ఇంకో మాట, కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ ఏప్రిల్ 1, 2026. నాకు జీఎస్టీ వచ్చినట్టే మీకిది. ఏ అటెంప్ట్‌కి ఏ చట్టం వర్తిస్తుందో సీఏ ఇన్‌స్టిట్యూట్ ప్రకటన చూసుకున్నాకే డైరెక్ట్ టాక్స్ పుస్తకం కొనండి.

మానేయాలా అన్నదానికి: మానేయడం తప్పని నేననను. నాతో ఐపీసీసీ పాసైన స్నేహితురాలు నాలుగోసారికి ఫైనల్ మానేసి, హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఫైనాన్స్ విభాగంలో చేరింది. ఈరోజుకీ జీతంలో నాకన్నా వెనకబడి లేదు, రాత్రిళ్ళు నాకన్నా బాగా నిద్రపోతుంది. పేపరు తెప్పించుకుని చూసి, పద్ధతి మార్చి, ఇంకో రెండుసార్లు రాసినా అంకెలు అక్కడే ఉంటే నేనైతే ఆపేయమనే చెప్తాను. కానీ మీరు ఇప్పటిదాకా ఒక్కసారీ మీ పేపరు చూసుకోలేదని మీ ప్రశ్నలోనే రాశారు. అది చూడకుండా తీసుకునే నిర్ణయం ఎటుదైనా గుడ్డిదే.

పెళ్ళి సంగతి నేను చెప్పదగ్గది కాదు, ఒక్కటి తప్ప: ఆదివారం వచ్చేవాళ్ళకి బీకాం అని చెప్పనివ్వకండి. ఫైనల్ ఒక గ్రూపు అయింది, ఇంకోటి రాస్తున్నాను అని మీ నోటితో మీరే చెప్పండి. వాళ్ళ మొహాలు చూస్తే మీకు కావలసిన సమాచారం సగం అక్కడే దొరుకుతుంది.

జవాబు పత్రాల కాపీలకి ఫలితం వచ్చిన నెల రోజుల్లోపే అప్లై చేయాలి. మూడు వారాలైందన్నారు కాబట్టి మీకు ఉన్నది ఇంకో వారమే. మూడు పేపర్లకీ ఈ రాత్రికే పెట్టేయండి. కాపీలు వచ్చాక మూడు రోజులు తెరవకపోయినా పర్లేదు.