బిడ్డ స్క్వాష్ కోసం బత్తాయి తోట అమ్మాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు సూపర్‌వైజర్‌ని, నా భార్య ప్రభుత్వ టీచర్. ఇద్దరిదీ కలిపి నెలకు 1.10 లక్షలు చేతికొస్తుంది. ఇంటి ఖర్చు 45 వేలు, చిన్నోడి బడికి 8 వేలు. మా పాపకు 15 ఏళ్లు, పదో తరగతి. హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి స్క్వాష్ (నాలుగు గోడల మధ్య రాకెట్‌తో బంతిని గోడకు కొట్టే ఆట) ఆడుతోంది. జాతీయ జూనియర్ టోర్నీల్లో క్వార్టర్స్ దాకా వెళ్లింది. కోచింగ్, కోర్టు, ఫిజియో, తిండి కలిపి నెలకు 32 వేలు, టోర్నీల ప్రయాణాలకు ఏడాదికి 2.40 లక్షలు అవుతోంది. పోయినేడు 3 లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చాం. ఇప్పుడు ఒక ఏడాది విదేశంలో ట్రైనింగ్ ఇప్పిస్తే ప్రొఫెషనల్ అవుతుందంటున్నారు. 28 లక్షలు కావాలి. మూడెకరాల బత్తాయి తోటలో రెండెకరాలు అమ్మితే వస్తాయి. వచ్చే నెల 5 లక్షల చిట్టీ చేతికొస్తుంది. సుకన్య ఖాతాలో 6 లక్షలున్నాయి. అమ్మమంటారా?

జవాబు: అమ్మొద్దు. కనీసం ఇప్పుడు, ఈ పని కోసం అమ్మొద్దు. ఆట మాత్రం మాన్పించకండి. ఈ రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయో చెప్తాను.

ముందు మీ నెల లెక్క చూద్దాం. ఇంటికి 45, చిన్నోడికి 8, పాపకు 32, ప్రయాణాలను నెలకు పంచితే 20, అప్పు మిత్తి 6. మొత్తం 1.11 లక్షలు. వచ్చేది 1.10. అంటే ప్రతి నెలా వెయ్యి తక్కువ పడుతోంది, దాచుకునే మాటే లేదు. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంటే మళ్లీ ఆ రెండు రూపాయల మిత్తికే పోవాలి. రెండు రూపాయలంటే ఏడాదికి నూటికి 24. మూడు లక్షల మీద ఏడాదికి 72 వేలు.

అందుకే చిట్టీ డబ్బు రాగానే మొదటి పని ఆ అప్పు తీర్చడం. దాంతో నెలకు 6 వేలు మిగులుతాయి, లోటు పోయి 5 వేలు చేతిలో ఉంటాయి. మిగిలిన 2 లక్షలు బ్యాంకులో వేరే ఎఫ్‌డీ వేయండి. పాప ఖర్చు పక్కనపెట్టినా మీ ఇల్లు ఆరు నెలలు నడవాలంటే 3.18 లక్షలు ఉండాలి. ఆ తక్కువ పడ్డ లక్షా పద్దెనిమిది వేలు ఈసారి బత్తాయి కాపు మీద పూడ్చండి. ఇక ముందు నిజంగా అత్యవసరమైతే బ్యాంకులో బంగారం పెట్టండి. ముప్పావలా, రూపాయి మిత్తిలో అయిపోతుంది.

ఇక ఆట సంగతి. ఈ ఆటలో డబ్బు ఎక్కడుందో తల్లిదండ్రులకు ఎవరూ సరిగ్గా చెప్పరు. క్రికెట్‌లో జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఐపీఎల్‌కు మెట్లు కనపడతాయి, మెట్టు మెట్టుకూ కొంత డబ్బుంటుంది. స్క్వాష్‌లో పై మెట్టు మీదే డబ్బు. ప్రపంచమంతా ప్రొఫెషనల్ టోర్నీలు నడిపే ప్రొఫెషనల్ స్క్వాష్ అసోసియేషన్ టూర్‌లో కింది వరుసన మొత్తం ప్రైజ్ మనీ 3 వేల డాలర్లే ఉండే టోర్నీలున్నాయి. మన లెక్కలో రెండున్నర లక్షల పైచిలుకు. అది ఆడినవాళ్లందరి మధ్య పంచేది. గెలిచినమ్మాయికి దక్కేది అందులో ఒక భాగమే. విమానం టికెట్, వీసా, వారం రోజుల గది ఖర్చు ఆమెదే. ర్యాంకు పెరగాలంటే అలాంటి టోర్నీలు ఏడాదికి పది పన్నెండు ఆడాలి. అంటే ప్రొఫెషనల్ అయిన మొదటి మూడు నాలుగేళ్లు మీరు పెడుతూనే ఉండాలి. మీకు 28 లక్షలన్నది ఒక్క ఏడాది ట్రైనింగ్‌కు. దాని తర్వాతి ఏళ్ల ఖర్చు ఎవరూ చెప్పలేదు. ఆ ఏళ్లకు మిగిలిన ఎకరం కూడా అమ్ముతారా?

కాలం కూడా చూడండి. మన స్క్వాష్ ఆటగాడు సౌరవ్ ఘోషాల్ 2019లో ప్రపంచ టాప్ 10లోకి వెళ్లాడు. భారత్ నుంచి మగవాళ్లలో ఆయనే మొదటివాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. 2024లో ప్రొఫెషనల్ ఆట నుంచి తప్పుకున్నాడు. 2025 డిసెంబరులో చెన్నైలో ప్రపంచకప్ గెలిచిన మన జట్టులో 1986లో పుట్టిన జోష్న చిన్నప్ప ఉంది, 2008లో పుట్టిన అనాహత్ సింగ్ కూడా ఉంది. ఒకే జట్టులో 39 ఏళ్లామె, 17 ఏళ్ల పిల్ల. మీ పాపకు ఈ ఒక్క ఏడాది తప్పితే రైలు తప్పినట్టు ఎవరైనా చెప్తే నమ్మకండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్ మొదటిసారి ఉంది కాబట్టి అందరికీ తొందర పుట్టింది. కానీ అందులో ఆడేది ప్రపంచం మొత్తం మీద 16 మంది మగవాళ్లు, 16 మంది ఆడవాళ్లు. ఆ లెక్క పెట్టుకుని తోట అమ్మలేం.

మీరు బత్తాయి రైతులు, మీకు ఇది కొత్త కాదు. మొక్క పెట్టాక నాలుగైదేళ్లు కాపు ఉండదు. నీళ్లు, ఎరువు, కూలి పెడుతూనే ఉంటాం. ఆ ఏళ్లలో ఇల్లు గడవాలని సాళ్ల మధ్య పెసర్లో పల్లీలో వేస్తాం. పాప విషయంలో ఆ అంతర పంట చదువు. మన స్క్వాష్ ఆటగాడే రమిత్ టాండన్ అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదివి, న్యూయార్క్‌లో ఫైనాన్స్ ఉద్యోగం చేసి, తర్వాత ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చాడు. మరో ఆటగాడు వేలవన్ సెంథిల్‌కుమార్ కూడా కొలంబియాలోనే చదివాడు. అక్కడి పెద్ద కాలేజీలు స్క్వాష్ బాగా ఆడే పిల్లల్ని వెతుక్కుంటాయి. కొలంబియా కూడా ఉన్న ఐవీ లీగ్ అనే పేరున్న కాలేజీల గుంపులోవి ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వవు, కానీ కుటుంబ ఆదాయం చూసి ఫీజులో సాయం చేస్తాయి. మీలాంటి ఆదాయానికి అది పెద్ద సాయమే కావచ్చు. దానికి కావలసింది మంచి మార్కులు, ఇంగ్లీషు, జూనియర్ ర్యాంకు. ఈ మూడింటి మీద వచ్చే రెండేళ్లు పెట్టే ఖర్చు 28 లక్షల కంటే చాలా తక్కువ. ఇక్కడే ఉన్నా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో స్క్వాష్ ఉంది. జాతీయ టోర్నీల సర్టిఫికెట్లు, డ్రా షీట్లు ఒక్కటి కూడా పోకుండా ఫైలు చేయండి.

సుకన్య ఖాతాను ఆటకు వాడదామని అనుకోవద్దు. పదో తరగతి పాసయ్యాక, లేదా 18 నిండాక, ముందటి ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం దాకా చదువు ఫీజుకు తీసుకోవచ్చు. దానికి అడ్మిషన్ కాగితం చూపాలి. ఆ డబ్బు డిగ్రీకి. దాన్ని అట్లాగే వదిలేయండి.

ఇన్సూరెన్స్ ఒక్క మాటలో చెప్తాను. మీ ఇద్దరి పేరా టర్మ్ పాలసీ, నలుగురికీ హెల్త్ పాలసీ తీసుకోండి. పాప విదేశానికి ఆడటానికి వెళ్లేటప్పుడు ట్రావెల్ పాలసీలో పోటీ ఆటల్లో తగిలే గాయాలకు కవరేజీ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీల్లో ప్రొఫెషనల్ ఆటకు ఉండదు.

ఇప్పుడు తోట అమ్మొద్దని ఎందుకంత గట్టిగా అంటున్నానో చెప్పాలి. మాది జడ్చర్ల. మా అన్న పద్దెనిమిదేళ్లప్పుడు క్రికెట్ అకాడమీ ఫీజు కోసం మా నాన్న ఎకరం అమ్మాడు. మరుసటేడు అన్నకు మోకాలు వాచింది. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. రాత్రిపూట గుడ్డ తడిపి కట్టుకుని, తెల్లారి మళ్లీ బూట్లు వేసుకునేవాడు. డాక్టరుకు చూపించేసరికి ఆలస్యమైంది. ఎందుకు చెప్పలేదురా అని అమ్మ ఏడుస్తూ అడిగితే, "ఎకరం అమ్మి ఆడిస్తుంటే నొప్పని ఎట్ల చెప్పాలె?" అన్నాడు. ముప్పై ఏళ్లయినా ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు.

స్క్వాష్ మోకాళ్లను ఎట్లా అరగదీస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. కోర్టు పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. మన ఇళ్లల్లో నాలుగైదు గదులంత. అందులోనే మూల నుంచి మూలకు పరుగెత్తి, ఒక కాలు ముందుకు చాపి వంగి, మళ్లీ నడిమధ్యకు రావాలి. పెద్ద పోటీల్లో వాడే బంతికి రెండు పసుపు చుక్కలుంటాయి. చల్లగా ఉంటే అది కిందపడ్డ చోటే పడి ఉంటుంది. ఆటకు ముందు ఇద్దరూ గోడకు కొట్టి కొట్టి వేడెక్కిస్తారు. ఆ తర్వాతే ఎగురుతుంది. ఇంత కష్టం ఉన్న ఆటలో పాప "నాన్నా, నడుము పట్టేసింది" అని ఏ రాత్రయినా భయం లేకుండా ఫోన్ చేయగలగాలి. రెండేళ్లకు "ఇక చాలు, చదువుకుంటా" అన్నా మీరు తట్టుకోగలగాలి. రెండెకరాలు దాని తల మీద పెట్టాక ఆ పిల్ల ఈ రెండు మాటలూ చెప్పలేదు.

కాబట్టి నా సలహా ఇది. ఆట కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. ఇప్పుడు పెడుతున్నట్టే ఏడాదికి 6.24 లక్షలు, అంతకు మించి పైసా పెట్టొద్దు. పాపకు 18 వచ్చేదాకా ఇదే హద్దు, ఇప్పుడు చెప్పబోయే ఒక్క ప్రయాణం తప్ప. విదేశీ ఏడాది బదులు, అండర్-17లో సెమీస్‌కు చేరితే ఒక్క ప్రయాణం, జనవరిలో జరిగే బ్రిటిష్ జూనియర్ ఓపెన్‌కు. దానికోసం కొన్ని దేశీయ టోర్నీలు తగ్గించుకోండి. మిగిలే 5 వేలు, కాపులో మిగిలింది కూడా ఆ ప్రయాణానికే కూడబెట్టండి. ఏటా వేసవి సెలవుల్లో పాపను, కోచ్‌ను కూర్చోబెట్టి ర్యాంకు, మార్కులు, ఒంటి సంగతి మాట్లాడండి. ఆ ఖాతా పాస్‌బుక్ పాపకు కూడా చూపించండి. నీకు ఇంత ఖర్చు పెట్టామని చెప్పడానికి కాదు, ఇంకా ఎంత ఉందో తనకు తెలియడానికి.

వచ్చే నెల చిట్టీ చేతికి రాగానే, ఆ రోజే అప్పు ఇచ్చినాయన ఇంటికి వెళ్లండి. లక్షలు చేతిలో పెట్టే ముందు ప్రామిసరీ నోటు తెప్పించి, దాని మీద పూర్తిగా చెల్లినట్టు తేదీతో రాయించి, సంతకం పెట్టించుకుని, ఆ నోటు ఇంటికి తెచ్చుకోండి.