ఆ ట్యాగ్ సంగతి రాయి, బాబూ

పెరంబూరు, చెన్నై
బుధవారం రాత్రి

బాబూ,

వందనాలు. నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. ఫోన్లో చదివితే నాకు కళ్లు లాగుతాయి. అందుకని మా వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, కలిసినప్పుడు ఇస్తాను. గీతలు చూసి కంగారుపడకు. నేను రాసుకునే వాటిమీద ఇంతకంటే ఎక్కువే ఉంటాయి.

"కష్టాల్లో ఉన్నవాళ్లకి ఆదరణగా ఉండేలా రాయాలనుంది ఆంటీ, ఎలా రాయాలో చెప్పండి" అని అడిగావు. అది ఒక ఉత్తరంలో చెప్పగలిగేది కాదు. ఎక్కడ ఆగాలో మాత్రం చెప్పగలను. ఎందుకంటే నీ రెండో వ్యాసంలో ఆగాల్సిన చోట ఆగకుండా పరుగెత్తావు.

ఉద్యోగం పోయిన సంగతి అది. మొదట రెండే వాక్యాలు: "ఆ దినములలో నేను అనేక శ్రమల గుండా వెళ్లితిని. అయినను ప్రభువు నన్ను విడువలేదు." ఆ తర్వాత పేజీన్నర కొత్త ఉద్యోగం గురించి. ఎలా వచ్చింది, జీతం ఎంత పెరిగింది, దేవుడు నీకోసం ఎంత మంచిది దాచిపెట్టాడు. మధ్యలో, ఏదో గుర్తొచ్చి పెట్టినట్టు ఒక్క వాక్యం ఉంది. ఐడీ కార్డు కంపెనీవాళ్లు తీసేసుకున్నారు, ట్యాగ్ మాత్రం మిగిలింది. ఊళ్లో అమ్మకి తెలియకూడదని, పీజీలో ఎవరూ అడగకూడదని, పొద్దున్నే ఆ ఉత్త ట్యాగ్ మెడలో వేసుకుని, కొస జేబులో దోపుకుని, వేళచ్చేరిలో రైలెక్కి బీచ్ స్టేషన్ దాకా వెళ్లి మళ్లీ అదే రైల్లో తిరిగొచ్చేవాడినని.

నా పెన్సిల్ అక్కడ ఆగిపోయింది. ఎన్నాళ్లు తిరిగావు బాబూ అలా? నెల పాసు తీశావా, రోజూ టికెట్టేనా? మధ్యాహ్నం ఏం తిన్నావు? అమ్మ వీడియో కాల్ చేస్తే వెనక రైలు చప్పుడుకి ఏం చెప్పావు? ఆ రైల్లో ప్రార్థన చేశావా, చేయబుద్ధి కాలేదా? చేయబుద్ధి కాకపోతే అదీ రాయి. కీర్తనల్లో 88వది చీకటి అన్న మాట దగ్గర ఆగిపోతుంది, వెలుగులోకి రానే రాదు. దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు.

ఇంకొకటి. నీతోపాటు ఉద్యోగం పోయిన రూమ్మేట్‌కి ఇంకా దొరకలేదని నువ్వే రాశావు. అతను నీ వ్యాసం చదువుతాడు కదా. నీకోసం మంచిది దాచిపెట్టిన దేవుడు తనకోసం ఎందుకు దాచలేదని అడిగితే ఏం చెబుతావు? నువ్వు రాయాల్సింది అతనికి. ఉద్యోగం వచ్చేసినవాళ్లకి మన వ్యాసాలతో పనిలేదు. రాసినది ప్రింటుకి పంపేముందు, ప్రార్థనకి జవాబు రాని మనిషిని ఒకర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు ఊహించుకుని పైకి చదువు. ఏ వాక్యం దగ్గర నీ గొంతు తగ్గుతుందో దాన్ని కొట్టెయ్యి.

ఈ తొందర నేనూ పడ్డదాన్నే. పాతికేళ్ల కిందట ఒక చిన్న మాసపత్రికకి రాసేదాన్ని. మా సంఘంలో ఒకామె కొడుకు జ్వరంతో పోయాడు. ఆ నెల నా వ్యాసంలో "తోటమాలి తనకిష్టమైన పువ్వును ముందే కోసుకున్నాడు" అని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఒకరిద్దరు జ్ఞాపకార్థ కూడికల్లో చదివారట కూడా. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయిపోయి నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది. "మావాడు పువ్వు కాదక్కా. పదకొండేళ్లు వాడికి. లెక్కల్లో వీకు" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ పోలిక నేను పుట్టించింది కాదు, అందరూ వాడేదే. నా తప్పు కూడా అదే. ఆమె కొడుకుని ఒక్కసారి కూడా తలుచుకోకుండా, అరువు మాట తెచ్చి ఆమె మీద కప్పాను.

అన్నీ పోగొట్టుకున్న యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్ని అందరం తిడతాం గానీ మొదటి ఏడు రోజులూ వాళ్లు బాగానే ఉన్నారు. అతనితోపాటు నేలమీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నోరు విప్పాకే వచ్చింది చిక్కంతా. నేను ఆ ఏడు రోజులు కూడా ఆగలేదు, పత్రికకి గడువు ఇరవయ్యో తేదీ.

నీ భాష గురించి. "వెళ్లితిని", "అయినను" అంటూ రాశావు. రూమ్మేట్‌తో అలా మాట్లాడవు కదా. బైబిల్లో ఆ తెలుగంటే నాకు ప్రాణం, మా అమ్మ పైకి చదువుతుంటే వింటూ పెరిగిన తెలుగది. కానీ మనం రాసేటప్పుడు దాని చాటున దాక్కోవడం తేలిక. "అనేక శ్రమలు" అనేశాక ఏ శ్రమో చెప్పక్కర్లేదు. ట్యాగ్ సంగతి అలాగే కదా జారిపోయింది.

అయినా ఆ పాత మాటల్లో రెండిటిని వదులుకోకు: శ్రమ, నిరీక్షణ. బయట శ్రమ అంటే ఒళ్లు వంచి చేసే పని, మన సంఘాల్లో బాధ. బయట నిరీక్షణ అంటే ఎదురుచూడడం, మనకి అది ఆశ. రోమా పత్రిక 5వ అధ్యాయంలో శ్రమ వల్ల ఓర్పు, ఓర్పు వల్ల పరీక్ష, పరీక్ష వల్ల నిరీక్షణ అని పౌలు వరస పెట్టిన చోట రెండర్థాలూ పెట్టుకుని చదివి చూడు. తమిళ బైబిల్లో అక్కడ ఉపత్తిరవం, నంబిక్కై అని ఉంటుంది. పాపం వాళ్లకి ఈ సదుపాయం లేదు. (మా పక్కింటి తమిళావిడతో ఈ మాటంటే గంట సేపు వాదించింది. అది వేరే కథ.)

శ్రమ అంటే గుర్తొచ్చింది. నువ్వు తిరిగిన ఆ రైల్లో, కోట్టూరుపురం దాటి మందవెళి, తిరుమయిలై వైపు వస్తుంటే కింద నల్లగా, కదలకుండా నీళ్లు కనిపిస్తాయి. చూసే ఉంటావు, చూడ్డానికి నీకు కావలసినంత తీరిక ఉండింది కదా. అది బకింగ్‌హాం కాలువ. రైలు స్తంభాలు దాంట్లోనే దిగి ఉన్నాయి. అడయారు, కూవం నదుల్ని కలిపే ఆ ముక్కని 1877-78లో, ధాత కరువు రోజుల్లో, కరువు పనిగా తవ్వించారు. అదే కాలువని మీ ఒంగోలు వైపు తవ్వేటప్పుడు మూడున్నర మైళ్ల పనిని జాన్ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీకి కాలువ కాంట్రాక్టు ఏమిటంటే, ఆకలితో చచ్చిపోతున్న వాళ్లకి కూలి దొరకాలి గనక.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని నువ్వు చిన్నప్పటినుంచీ విని ఉంటావు. మీ వైపు ఏ ప్రసంగంలోనైనా ఆ అంకె రావాల్సిందే. దానికి ముందు సంగతి అంతగా చెప్పరు. కరువు సాయం నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూలికోసం, గంజికోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆపేశాడు. ఆ నెలలన్నీ ఆయన వెంట ఉన్న తెలుగు బోధకులు కాలువ గట్టుమీద కూలీలని చూసుకున్నారు. మట్టి తట్టలు దించి జనం కాసేపు కూలబడినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పారు. ఆ కూలీల్లో ఎక్కువమంది మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లో మిగతా రోజుల్లో వాళ్ల పక్కన కూర్చునేవాళ్లే తక్కువ.

నాకు ఆ 2,222 కంటే ఈ మూడున్నర మైళ్ల మీదే మనసు. ఏటి దగ్గర ఏం జరిగిందో చాలామంది రాశారు. గట్టుమీద కూలబడిన మనిషికి ఆ మధ్యాహ్నం ఏం చెప్పి ఉంటారో, ఆమె ఒళ్లో బిడ్డ ఏడుస్తుంటే ఆ మాట ఎంత చెవికెక్కిందో, అది ఎవరూ రాయలేదు. ఈ సంగతిని నీ వ్యాసంలో ఇరికించమని కాదు. నువ్వెక్కడ ఆగాలో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి చోటు దొరకలేదు.

పౌలు చివరి పత్రికలో మంచి పోరాటం పోరాడానన్న మాట ఉందే, కీల్‌పాక్ సమాధుల తోటలో ఎన్ని రాళ్లమీద చెక్కారో చూడు. సరిగ్గా ఆరు వచనాల కింద, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తెచ్చిపెట్టమని తిమోతిని అడుగుతాడు. చలికాలం రాకముందే వచ్చెయ్యమంటాడు. ముసలాయనకి చెరసాలలో చలి. అంగీ సంగతి ఎవరూ రాతిమీద చెక్కించరు. నాకైతే పోరాటం మాటని నమ్మించేదే ఆ అంగీ.

మూడో వ్యాసం, ప్రతి కష్టం వెనకా దేవుని ఉద్దేశం ఉంటుందని రాసింది, దాన్ని పక్కన పెట్టెయ్యి. తప్పని కాదు. నువ్వు ఉద్దేశాన్ని కష్టానికి కారణంగా రాశావు. అడయారులో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, 1954లో స్థాపించిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు 1923లో కేన్సర్‌తోనే పోయింది. ఆవిడ క్రైస్తవురాలు కాదు, అయినా చెబుతున్నాను. ఆస్పత్రి కట్టించడానికే దేవుడు ఆ చెల్లెల్ని తీసుకున్నాడని రాస్తావా? ఆ అక్క ముందు నిలబడి చదవగలవా? ఆ చావు చావే. ముప్పై ఏళ్లు మరిచిపోకుండా అక్క చేసిన పని, అది అక్క ఎంచుకున్నది.

ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని ఇక చాలు, చంపెయ్యమన్నప్పుడు దూత కారణాలేమీ చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం దూరం, తిను అన్నాడు. చెయ్యాల్సిన పని ఏమిటో చెప్పడం ఆ తర్వాతెప్పుడో, నలభై రోజుల నడక అయ్యాక. మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే యిర్మీయా 29:11ని నువ్వు రెండుసార్లు వాడావు. దాని పై వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది, చూశావా? బబులోనుకి చెరపోయినవాళ్లకి ప్రవక్త రాసిన ఉత్తరమది. విన్న పెద్దవాళ్లు ఇక తమ ఊరు చూడరన్నమాట. ఇంకా పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అని ఉంది. నలభై ఏళ్లుగా మద్రాసులో ఉన్నదాన్ని గనక నాకు ఆ ఏడో వచనమే దగ్గర. స్టేటస్‌లో మాత్రం ఎవరూ పెట్టరు.

నేను వారానికి రెండు రోజులు పెద్దాసుపత్రికి వెళ్తానని నీకు తెలుసు కదా. నెల్లూరు వైపు నుంచి వచ్చి, తమిళం రాక లైన్లో బిక్కచచ్చి నిలబడేవాళ్లకి నాలుగు మాటలు తర్జుమా చేస్తాను. కిందటేడు కావలి నుంచి ఒకాయన భార్యని తీసుకొచ్చాడు. ముగ్గురం చేరి ఆయన కోసం చాలాసేపు ప్రార్థన చేశాం. నేనే ముగించాను, బాగా వచ్చిందనే అనుకున్నాను. ఆమేన్ అన్నాక ఆయన కళ్లు తుడుచుకుని, "అక్కా, ఇక్కడ వేడినీళ్లు ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు. అప్పుడు చూశాను, ఆయన చేతిలో ఖాళీ ఫ్లాస్కు. ప్రార్థన మొదలుపెట్టక ముందు నుంచీ అది ఆయన చేతిలోనే ఉంది.

నీకు తమిళం కాస్త వచ్చు కదా. ఈ శనివారం నాతో రా. వేళచ్చేరి నుంచి అదే రైలు. బీచ్ దాకా పోకుండా పార్క్ టౌన్‌లో దిగు, ఆస్పత్రి పక్కనే. ఏడింటికల్లా గేటు దగ్గర ఉంటాను, ఓపీ చీటీల లైను అప్పటికే పెరిగిపోతుంది. నోటుబుక్కు తేకు. ఫ్లాస్కు ఉంటే తీసుకురా, నాది మూత లీకవుతోంది.

నీ పెరంబూరు ఆంటీ