లాకుల మీదకి జనాన్ని తీసుకొస్తానన్న అమ్మాజీకి

అమ్మాజీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనకోడలు రాజమండ్రి శివార్ల చరిత్ర చూపిస్తానని పాతికమందిని ధవళేశ్వరం దాకా నడిపిస్తుందట అన్నయ్యా" అని చెప్పింది. విన్నాక ఒకటే సంతోషం, వీధిలో నలుగురికీ చెప్పేశాను కూడా. పడుకున్నాక కాలవలో పడవల్ని దాటించే లాకు, దాని మెట్లు గుర్తొచ్చాయి, ఇంక నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

నీళ్ళ సీసాలు, టోపీలు, ఎంతమందొచ్చారో లెక్క, అవన్నీ నీకు తెలుసు. ఐదున్నరకల్లా బయల్దేరండి, అంతే.

లాకు దగ్గర మాత్రం నా మాట వినాలి. కాలవలూ లాకు తలుపులూ చూసుకునే లస్కర్‌గా చేరి ముప్పై ఏళ్ళు ఆ గట్ల మీదే బతికాను. నీళ్ళున్నప్పుడు అంచున పాచి కంటికి కనపడదు, కాలు పెట్టాకే తెలుస్తుంది, లోపల గోడ నిలువుగా నున్నగా ఉంటుంది పట్టుకుందామంటే ఏమీ దొరకదు, ఈతొచ్చినా లాభం లేదు. ఫొటోల కోసం వెనక్కి వెనక్కి నడిచే పిల్లల్ని తల్చుకుంటేనే నాకు కాళ్ళు వణుకుతున్నాయి. అందుకని కాలవలకి నీళ్ళు కట్టేశాక పెట్టుకో. వేసంగిలో నీళ్ళాపితే లాకు అడుగు రాళ్ళ దాకా కనపడుతుంది, పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్ళు వదిలి, మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తీసేవాళ్ళమని అక్కడే నిలబెట్టి చెప్పొచ్చు. గాలి లేని రోజు గట్టు మీంచి మనుషులే తాళ్ళు కట్టి పడవల్ని లాగేవారని కూడా చెప్పు, బస్సులొచ్చాక పుట్టినవాళ్ళు నమ్మరు. మే 15 మాత్రం వద్దు, గోదారి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుట్టినరోజు, దండలేసేవాళ్ళతో నిలబడ్డానికి చోటుండదు.

ఆనకట్ట 1847లో మొదలై 1852కి అయ్యిందని ఎవరైనా చెప్తారు. నువ్వు ముందు 1833 కరువు గురించి, 1839 ఉప్పెన గురించి చెప్పు, ఈ ఆనకట్ట ఎందుకు కావాల్సొచ్చిందో అప్పుడు తెలుస్తుంది. జనార్దనస్వామి గుడి ఉన్న కొండ చూపించి ఈ కొండల రాయే కిందికి దిగి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయలకీ అడ్డం కూర్చుందని చెప్పు. వీణెం వీరన్న గారి పేరు మర్చిపోకు, దొర పక్కనుండి కూలీల్ని కూడగట్టి పని నడిపించింది ఆయన.

ఇప్పుడు అసలు సంగతి, మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇరవై ఏళ్ళ కింద కాలేజీ పిల్లలు కొందరొచ్చి మీకన్నీ తెలుసటకదా చూపించండి అన్నారు. పొంగిపోయాను. లాకులయ్యాయి, పాత ఆనకట్ట బదులు కట్టిన బ్యారేజీ అయింది, 175 గేట్లని లెక్కతో సహా చెప్పాను, అక్కడ్నించి ఏటిగట్టు వారనున్న ఇళ్ళవైపు తీసుకెళ్ళాను. ఆ ఇళ్ళు 1986 ఆగస్టు వరద తర్వాత వెలిసినవి. బ్యారేజీ మీంచి 35 లక్షల క్యూసెక్కులు పోయిన వరద అది, ఇప్పుడు 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక అంటే హడలిపోతాం కదా, అప్పుడు గోదారి దాన్నీ దాటేసింది. గోదారి మధ్య లంకల్లో ఉండేవాళ్ళు పిల్లల్నీ గేదెల్నీ తోలుకుని గట్టెక్కారు, కొంతమంది మళ్ళీ దిగలేదు. నేనేమన్నానో తెలుసా, గట్టిగా, అందరికీ వినపడేలా, "వీళ్ళు వరదప్పుడొచ్చి గట్టు ఆక్రమించుకుని ఉండిపోయిన వాళ్ళు" అన్నాను. డిపార్ట్‌మెంటు కాగితాల్లో అదే మాట రాసి రాసి నోటికొచ్చేసింది.

గుమ్మంలో ఓ మామ్మ చేపలు తోముకుంటోంది. డ్యూటీలో ఎన్ని మధ్యాహ్నాలు ఆవిడ చేతి మజ్జిగ తాగానో. చేతులు కడుక్కుని లేచి, "మా లంకలో మూడెకరాల అరటి తోట ఉండేది బాబూ, గోదారి కోసుకుపోయింది. ఆక్రమించింది మేవా, గోదారా?" అంది. పిల్లలు నా మొహం చూస్తున్నారు. ఒకమ్మాయి పుస్తకంలో రాసుకుంటోంది. నాకు నోట మాట లేదు.

ఆ రోజు కూడా మజ్జిగ ఇచ్చింది అమ్మాజీ. ఎప్పుడూ చేతికిచ్చేది, ఆ రోజు గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది. క్షమించు మామ్మా అందామని వారం ఆగాను, నెల ఆగాను, ఈలోగా కూతురి ఊరు వెళ్ళిపోయింది. ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

కాబట్టి వారం ముందు నువ్వొక్కదానివే వెళ్ళు, కెమెరా లేకుండా. ఇంటింటికీ వెళ్ళి కూర్చో, ఫలానా రోజు ఇంతమందిని తెస్తున్నానండి, మీకిష్టమేనా అని అడుగు. వద్దంటే ఆ సందు వదిలెయ్, ఇష్టమైతే వాళ్ళనే చెప్పమను, నువ్వు పక్కన నిలబడు. టికెట్టు డబ్బులు పెట్టావట కదా, అందులో వాళ్ళకీ ఇవ్వు. పోస్టరులో "మరుగున పడ్డ బతుకులు" అని వేయించావట, ఆ మాట తీసెయ్యమ్మా, వాళ్ళ గుమ్మం ముందు అది చదివితే వాళ్ళకెలా ఉంటుంది? కోప్పడుతున్నానని అనుకోకు. నాలుగేళ్ళప్పుడు నా భుజమ్మీద కూర్చుని లాకు తలుపు తెరుచుకుంటుంటే మావయ్యా గోదారి లోపలికొస్తోంది అని చప్పట్లు కొట్టావు, అప్పట్నుంచీ అనుకుంటున్నాను ఈ పిల్ల ఎప్పటికైనా ఇక్కడికే వస్తుందని.

ముందురోజు రాత్రికే మా ఇంటికొచ్చెయ్, అత్త పొద్దున్నే ఇడ్లీలు కట్టిస్తానంటోంది. లాకు అంచున తాడు పట్టుకుని నేను నిలబడతాను. మోకాళ్ళు నొప్పులని మీ అమ్మ అడ్డం చెప్తే వినకు.

మీ మావయ్య